నిలిచిన నీరు, చెర్రీ చెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచిక వెనుక అట్టపై జపాన్ చిత్రకారుడు కవాసె హాసుయి (1883–1957) రూపొందించిన ఒక చెక్క అచ్చు చిత్రాన్ని ప్రచురించాం. సంధ్యవేళ సరస్సు ఒడ్డు, కట్టేసిన పడవ, నీటిలో చెట్ల నీడలు, ఒక ఇంటి కిటికీలో వెలుతురు: అందులో ఉన్నది ఇంతే. అయినా ఆ చిత్రం గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని కలిపి, ఈసారి శీర్షికనంతా ఆ చిత్రానికీ ఆ కోవకు చెందిన చిత్రాలకూ కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఆ చిత్రంలో ఆకాశం పైన ముదురు నీలంగా మొదలై, కిందికి వచ్చేసరికి ఎక్కడ మారిందో తెలియకుండా లేత నారింజ రంగులో కలిసిపోయింది. నీళ్లలోనూ అంతే. చెక్కను చెక్కి అచ్చు వేస్తే గీత రావాలి, లేదా ఒకే వన్నె రంగు రావాలి. ఇలా కరిగిపోయే రంగు ఎలా వచ్చింది? అచ్చు వేశాక కుంచెతో దిద్దుతారా?

జవాబు: దిద్దరు. అయితే మీ అనుమానంలో సగం నిజం ఉంది. కుంచె ఉన్నమాట వాస్తవమే. అది పనిచేసేది చెక్క మీద.

ముందు దిమ్మల సంగతి చెప్పాలి. చిత్రకారుడు గీసిన రేఖలను పలుచని కాగితం మీదికి ఎత్తి, దాన్ని అడవి చెర్రీ చెక్కతో చేసిన దిమ్మ మీద బోర్లా అంటిస్తారు. చెక్కే కళాకారుడు ఆ కాగితంతో సహా చెక్కను కోస్తూ, గీతకు రెండు వైపులా కత్తితో గాటు పెట్టి, గీత మాత్రమే గట్టులా పైకి నిలిచేలా చుట్టూ ఉన్న చెక్కను ఉలితో తొలగిస్తాడు. చెర్రీ చెక్కను ఎంచుకోవడానికి కారణం దాని గట్టిదనం. వెంట్రుకంత గీత కూడా వందల అచ్చులకు విరగకుండా నిలుస్తుంది. ఈ రేఖల దిమ్మ నుంచి కొన్ని ప్రతులు తీస్తే, ఏ రంగు ఎక్కడ రావాలో చిత్రకారుడు ఒక్కొక్క ప్రతి మీద గుర్తుపెట్టి ఇస్తాడు. వాటిని బట్టి రంగుల దిమ్మలు తయారవుతాయి. ప్రతి దిమ్మ మీదా సరిగ్గా ఒకే చోట రెండు గుర్తులు చెక్కి ఉంటాయి. ఒకటి కాగితపు మూల ఒదిగేందుకు మూలమట్టం ఆకారంలోను, రెండోది కాగితపు అంచు ఆనేందుకు తిన్నని గాటులాగాను ఉంటుంది. కెంతో అని పిలిచే ఈ గుర్తులకు ఆనించి పరచడం వల్లనే ఒకే కాగితం 20 దిమ్మల మీద పడినా రంగు తన హద్దు దాటదు.

ఇక మీరడిగిన ఆకాశం. ఆకాశపు దిమ్మలో చెక్కడానికి పెద్దగా ఏమీ ఉండదు. అది నున్నని పలక. అచ్చు వేసే కళాకారుడు ముందుగా ఆ పలకను తడిగుడ్డతో తుడిచి తేమ పట్టిస్తాడు. తరువాత ముదురుగా రావలసిన అంచున మాత్రమే రంగునూ, రవ్వంత బియ్యప్పిండి జిగురునూ వేసి, వెడల్పాటి కుంచెను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అడ్డంగా నడుపుతూ, కొద్దికొద్దిగా తేమ ఉన్న వైపుకు జరుపుకుంటూ వస్తాడు. తడి తగిలేకొద్దీ రంగు పలచబడి, ఒకచోట లేదన్నంతగా మాయమవుతుంది. అది ఆరిపోకముందే కాగితాన్ని పరచి వెనుక నుంచి రుద్దాలి. ఈ పద్ధతిని బొకాషి అంటారు. గమనించవలసినది ఏమిటంటే, ఆ వన్నె చెక్కలో ఎక్కడా చెక్కి లేదు. ఒక అచ్చు పడగానే అది పోతుంది. తరువాతి కాగితానికి మళ్లీ మొదటి నుంచి తడిపి, రంగు వేసి, కుంచె నడపాలి. 200 ప్రతులు తీయాలంటే ఆ సంధ్యను 200 సార్లు, అంతే ముదురుగా, అంతే మెత్తగా, అదే ఎత్తులో ముగిసేలా చెక్క మీద కూర్చాలి. పైగా ఒక్క ఆకాశానికే ఇలాంటి అచ్చులు రెండు మూడు అవసరం కావచ్చు. ముందు మొత్తానికి ఒక లేత రంగు వేసి, దాని మీద కింది నుంచి నారింజ, ఆపైన పై అంచు నుంచి నీలం దించుతారు.

ఈ చిత్రాల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. నిలిచిన నీటిని చూపడానికి గీత దాదాపు పనికిరాదు. గీత పెట్టగానే అది అల అవుతుంది. అందుకని చిత్రకారుడు గీయడం ఆపేసిన చోట అచ్చు వేసేవాడు అందుకుంటాడు. మీరు ఆ బొమ్మలో చూసిన ప్రశాంతత గీసినది కాదు. చెక్క మీది తేమకూ, జిగురు పాలుకూ, ఒక మనిషి చేతి బరువుకూ మధ్య కుదిరిన పొందిక అది. చిత్రకారుడి పేరుతో చెలామణి అయ్యే ఈ బొమ్మల్లో మన మనసుకు తగిలే భాగం చాలావరకు మరొకరి చేతిది.

కాగితం గురించీ ఒక మాట. ఇది కోజో అనే మల్బరీ జాతి పొద బెరడు నుంచి తీసిన పొడుగాటి నారతో చేసినది. రంగు చెదిరి పాకకుండా పటికా జంతు జిగురూ కలిపిన నీటిని దానికి పూస్తారు. అచ్చుకు ముందు దాన్ని సమంగా తడిపి ఉంచుతారు. అన్నిసార్లు రుద్దినా చిరగకపోవడానికి ఆ నార పొడవే కారణం. రుద్దే సాధనం పేరు బరెన్. వెదురు కాండాన్ని కప్పి ఉండే ఎండు పొరను సన్నని పోగులుగా చీల్చి తాడుగా పేని, ఆ తాడును చుట్టచుట్టి, పొరలు పొరలుగా అంటించి లక్క పూసిన కాగితపు పళ్లెంలో అమర్చి, పైన మరో వెదురు పొరతో బిగించి కడతారు. అరచేతిలో ఇమిడే ఈ బిళ్ల తప్ప అచ్చుయంత్రం అంటూ వేరే ఏదీ లేదు. ఎప్పుడైనా ఇలాంటి చిత్రం అసలు ప్రతి చేతికి దొరికితే, దయచేసి వెనక్కి తిప్పి చూడండి. రంగు నారలోకి ఇంకి వెనుక వైపుకు తేలి ఉంటుంది, రుద్దిన జాడలు వంపులు వంపులుగా కనిపిస్తాయి. హాసుయి చిత్రాలను ప్రచురించిన వతనాబె షోజాబురో (1885–1962) ఈ జాడలను కొన్నిసార్లు ముందువైపు కూడా కావాలనే కనిపించనిచ్చేవాడు. ఆకాశంలోనో నీటిలోనో మసకగా కనిపించే వంపు గీతలు అవే. వాటిని మరకలని పొరబడిన వాళ్లు మా పాఠకుల్లోనే ఉన్నారు.

ప్రశ్న: కిటికీలోని వెలుతురు నిజంగా వెలుగుతున్నట్టే ఉంది. మెరిసే రంగేదైనా వాడారా?

జవాబు: వాడలేదు. కొన్ని జపాన్ చిత్రాల్లో అభ్రకం పొడి చల్లి మెరుపు తెచ్చిన మాట నిజమే కాని, ఇక్కడ ఆ అవసరం రాలేదు. చీకటి రంగులు మోసే దిమ్మలన్నిటిలోనూ ఆ కిటికీ మేర చెక్కను తవ్వి తీసేస్తారు. అందువల్ల నీలమూ బూడిదరంగూ ఆ చోట పడవు. మిగిలిన తెల్లని కాగితం మీద ఒక్క పలుచని పసుపు మాత్రం పడుతుంది. నీటిలోని దాని ప్రతిబింబమూ అంతే: మూడు నాలుగు అడ్డపట్టీలుగా తెగిన ఆ పసుపు, చీకటి దిమ్మలు వదిలిపెట్టిన చోటు. చుట్టూ ఉన్న నీలం ఎంత లోతుగా దిగితే కిటికీ అంత వెలుగుతుంది.

ప్రశ్న: హాసుయి వేసిన అసలు వర్ణచిత్రం ఎక్కడో ఒక మ్యూజియంలో ఉండి, ఇవన్నీ దాని నకళ్లా?

జవాబు: నకళ్లు అనడం సరికాదు. దిమ్మ మీద అంటించిన రేఖాచిత్రం చెక్కుతున్నప్పుడే ముక్కలైపోతుందని పైన చెప్పాం. హాసుయి ఊరూరా తిరుగుతూ స్కెచ్ పుస్తకాలు నింపేవాడు, వాటి నుంచి కొన్నిటిని ఎంచి నీటిరంగుల్లో వేసి ప్రచురణకర్తకు చూపేవాడు; అయితే అవి పనికి ఆరంభం మాత్రమే. చెక్కేవారు, అచ్చు వేసేవారు, ప్రచురణకర్త కలిసి నమూనా ప్రతులు తీసి, రంగులు మార్చి, ఒకదాన్ని సరేననుకున్నాకే చిత్రం పుడుతుంది. అచ్చయిన ప్రతే అసలు కృతి. ఆ మొదటి ప్రతులు ఎన్ని ఉంటే అన్నీ అసలువే.

ఈ పద్ధతిలోని ప్రమాదం 1923 సెప్టెంబరు 1న తెలిసివచ్చింది. కాంతో ప్రాంతాన్ని కుదిపేసిన ఆ భూకంపం, దాని వెంట చెలరేగిన మంటలు టోక్యోలోని వతనాబె దుకాణాన్నీ, దిమ్మలనూ, అమ్ముడుపోని ప్రతులనూ, వాటితోపాటు హాసుయి అన్నేళ్లుగా గీసుకున్న స్కెచ్ పుస్తకాలనూ బుగ్గి చేశాయి. దిమ్మ కాలిపోతే ఆ చిత్రం మరి రాదు. హాసుయి మళ్లీ సుదీర్ఘ ప్రయాణానికి బయలుదేరి కొత్త పుస్తకాలు నింపుకొన్నాడు. మనం నేడు చూసే ఆయన నీటి ఒడ్డు దృశ్యాల్లో అధిక భాగం ఆ తరువాతివే. భూకంపానికి ముందు అచ్చయిన ఆయన చిత్రాలు అంత అరుదుగా దొరకడానికి కారణం కూడా ఇదే.

ప్రశ్న: తెరచాప పడవలున్న ఒక జపాన్ చిత్రం ఇంటర్నెట్‌లో ఒకచోట లేత గులాబీ రంగులో, మరొకచోట పూర్తి నీలంలో, ఇంకొకచోట పొగమంచులో కనిపించింది. గీతలు అన్నిట్లో ఒకటే. ఫోటో రంగులు మార్చి పెట్టారా? ఏది సరైనది?

జవాబు: అన్నీ సరైనవే. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది యోషిదా హిరోషి (1876–1950) 1926లో సెతో లోపలి సముద్రం చిత్రమాలలో భాగంగా చేసిన తెరచాప పడవల చిత్రం. ఆయన ఒకే దృశ్యాన్ని ఉదయం, పూర్వాహ్నం, అపరాహ్నం, పొగమంచు, సాయంత్రం, రాత్రి అనే ఆరు రూపాల్లో అచ్చు వేయించాడు. అవే దిమ్మలకు రంగులు మార్చి, బొకాషి మార్చి, అవసరమైన చోట ఒక దిమ్మను మానేసి లేదా జోడించి ఈ ఆరింటినీ సాధించాడు. ఉదయపు ప్రతిలో తెరచాప మీద ఎండ పొడ ఉంటుంది. పొగమంచు ప్రతిలో దూరపు పడవలు ఆనవాళ్లుగా మిగులుతాయి. రాత్రి ప్రతిలో పడవలోని దీపమూ నీళ్లలో దాని వెలుగూ చూపును పట్టి ఆపుతాయి. పడవ ఇంగుళమైనా కదలలేదు, కాని ఆరింటినీ వరుసగా పెట్టి చూస్తే ఒక రోజంతా గడిచినట్టుంటుంది. చెక్క అచ్చు తప్ప మరే చిత్రకళా ఈ పని ఇంత సూటిగా చేయలేదని నా అభిప్రాయం. తైలవర్ణ చిత్రకారుడు ప్రతిసారీ పడవను మళ్లీ గీయాలి. గీసినప్పుడల్లా పడవ కాస్తయినా మారుతుంది. ఇక్కడ మారినది వెలుతురు ఒక్కటే.

యోషిదా మొదట నీటిరంగులు, తైలవర్ణాల చిత్రకారుడు. వతనాబె దగ్గర కొన్ని చెక్క అచ్చు చిత్రాలు చేసి, 1925 నుంచి సొంత కార్యశాల పెట్టుకుని, చెక్కేవారినీ అచ్చు వేసేవారినీ పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి దశనూ తానే చూసుకున్నాడు. తానే అచ్చు వేశానని, లేదా దగ్గరుండి వేయించానని తెలిపే చిన్న ముద్ర ఆయన చిత్రాల ఎడమ అంచున కనిపిస్తుంది. ఒక్కొక్క చిత్రానికి పదుల సంఖ్యలో అచ్చులు పడనిచ్చేవాడు; నిక్కోలోని యోమెయ్ ద్వారం చిత్రానికి ఆ లెక్క 96 దాకా వెళ్లింది. 1930 చివర్లో కుమారుడు తోషితో కలిసి భారతదేశానికి వచ్చి, తాజ్ మహల్ ముందున్న నీటిని కూడా ఇదే తీరున వేర్వేరు వేళల వెలుతురుల్లో అచ్చు వేశాడు. మీకు తెరచాప పడవలు నచ్చితే ఆ తాజ్ చిత్రాలు తప్పక వెతికి చూడండి.

ప్రశ్న: ఎక్కడ చూసినా సరస్సు, సాయంత్రం, వాన, చంద్రుడు. మనుషులు దాదాపు ఉండరు, ఉన్నా గొడుగు కింద వీపు తిప్పి ఉంటారు. ఇది జెన్ బౌద్ధ ధ్యానం ప్రభావమని ఒకచోట చదివాను. నిజమేనా?

జవాబు: దూరపు చుట్టరికం ఉంది. అంతకంటే దగ్గరి కారణాలు వేరే ఉన్నాయి.

చైనాలో హునాన్ ప్రాంతపు షియావో, షియాంగ్ నదుల తీరాన్ని ఎనిమిది దృశ్యాలుగా చిత్రించే సంప్రదాయం 11వ శతాబ్దంలో మొదలైంది. రాత్రి వాన, తిరిగివచ్చే తెరచాపలు, సాయంకాలపు గంట, శరత్కాల చంద్రుడు, వాలే బాతులు, సంధ్యారుణిమ, మంచు, తెరిపి: ఇవీ ఆ అంశాలు. ఆ చిత్రాలు జపాన్‌కు చేరడంలో జెన్ ఆరామాల పాత్ర ఉంది. మీరు చదివినదానికి ఆధారం అంతవరకే. జపాన్ వాళ్లు ఆ ఎనిమిదింటినీ తమ అతి పెద్ద సరస్సు బివా చుట్టూ ఉన్న ఊళ్లకు అన్వయించుకున్నారు. కరసాకిలో రాత్రి వాన, ఇషియామాలో చంద్రుడు, యబసెకు తిరిగివచ్చే పడవలు, మియిదెరా అనే ఆలయంలో సాయంకాలపు గంట, ఇలా. ఉతగావా హిరోషిగే (1797–1858) 1830లలో చేసిన ఒమి (బివా సరస్సు ప్రాంతపు పాత పేరు) ఎనిమిది దృశ్యాలు ఈ వరుసలో తలమానికం. కరసాకి చిత్రంలో ఒక మహా పైన్ వృక్షం నల్లని కొండలా నిలబడి ఉంటుంది, దాని మీద నిలువునా వాన. ఆ వాన గీతలు ఒక్కొక్కటీ చెక్కలో గట్టులా నిలబెట్టినవని గుర్తుచేసుకుంటే చెక్కిన చేతికి నమస్కరించాలనిపిస్తుంది.

ఈ ఎనిమిది అంశాల్లో ఏదీ ఫలానా స్థలం గురించి కాదన్నది గమనించండి. అన్నీ వేళ గురించి, వాతావరణం గురించి. వాటిలో గంట చప్పుడూ రాత్రి వానా కంటికంటే చెవికి చెందినవి. మియిదెరా ఆలయపు గంటను హిరోషిగే చూపడు. కొండ నీడలో చెట్లు, వాటి మీద దిగుతున్న చీకటి చూపి, గంటను మన ఊహకు వదిలేస్తాడు. ఇలా శబ్దాన్ని కూడా చిత్రించాలనుకున్న సంప్రదాయానికి జనం గుంపు అడ్డమే అవుతుంది. హాసుయి ఈ దారిలోకి వచ్చింది కూడా ఆ ఎనిమిది దృశ్యాల వల్లనే. మరో చిత్రకారుడు ఇతొ షిన్‌సుయి చేసిన బివా సరస్సు చిత్రమాలను 1918లో చూసి, అదే ఏడు తన మొదటి చెక్క అచ్చు చిత్రాలు వతనాబెకు ఇచ్చాడు.

రెండో కారణం నీలం రంగు. 18వ శతాబ్దంలో జపాన్ అచ్చు కళాకారులు వాడిన నీలాల్లో ఒకటి త్సుయుకుసా అనే చిన్న పువ్వు రసం. తేమ తగిలినా, వెలుతురు తగిలినా అది నిలవదు. బహువర్ణ ముద్రణకు 1765లో దారితీసిన సుజుకి హరునొబు చిత్రాల్లో నదులు నేడు చాలాచోట్ల ఎండుగడ్డి రంగులో కనిపిస్తాయి. అచ్చయిన నాడు అవి నీలి నదులు. బెర్లిన్‌లో 18వ శతాబ్ది ఆరంభంలో కనిపెట్టిన ప్రష్యన్ నీలం 1830 ప్రాంతంలో జపాన్‌లో చవకగా దొరకడం మొదలైంది. అది వెలిసిపోదు, ఎంత పలచన చేసినా తేజస్సు కోల్పోదు, అందువల్ల ముదురు నుంచి లేతకు దిగే బొకాషికి సరిగ్గా సరిపోతుంది. ప్రకృతి దృశ్యాలు ఆ దశకంలోనే వెల్లువెత్తడంలో ఈ రంగుకు పెద్ద పాలు ఉంది. నీటినీ ఆకాశాన్నీ లోతుగా చూపగల రంగు చేతికందితే ప్రచురణకర్తలు నీటినీ ఆకాశాన్నే అడుగుతారు కదా.

దీనికి నాకు తోచే మంచి ఉదాహరణ కత్సుషిక హొకుసాయ్ (1760–1849) ఫుజి పర్వతపు చిత్రమాలలోని ఉషిబోరి చిత్రం. ఆ మాలలో అందరికీ తెలిసినది ఉవ్వెత్తున లేచిన అల. ఇది దానికి పూర్తి విరుద్ధం. తొలి ప్రతులు నీలపు వన్నెలతోనే అచ్చయ్యాయి, చివరకు గీతలు కూడా నలుపు కాక నీలం. తెల్లవారుజాము. ఇంటి పడవ ఒకటి రెల్లు పక్కన ఆగి ఉంది, దూరంగా ఫుజి. పడవలోని మనిషి బియ్యం కడిగిన నీళ్లను పక్క నుంచి పారబోస్తున్నాడు, ఆ చప్పుడుకు బెదిరి రెండు తెల్లకొంగలు లేచిపోతున్నాయి. కొంగలను వేలితో మూసి చూడండి: చిత్రం వెంటనే మందకొడిగా మారుతుంది. ఆ కొద్దిపాటి అలికిడే అంతకుముందున్న నిశ్శబ్దాన్ని మనకు వినిపిస్తోంది. కనుక నిర్మానుష్యతే ప్రశాంతతకు మూలమన్న సూత్రం ఈ చిత్రకళకు పూర్తిగా వర్తించదు. హాసుయి గొడుగు మనిషి కూడా ఆ కొంగల పనే చేస్తాడు.

ప్రశ్న: చిత్రం మీద ఎర్రని ముద్ర, అంచులో నిలువు అక్షరాలు ఉన్నాయి. అవి ఎవరి పేర్లు?

జవాబు: బొమ్మలో ఉన్నవి చిత్రకారుడి సంతకం, ముద్ర. అంచులో సాధారణంగా చిత్రం పేరు, తేదీ, ప్రచురణకర్త ముద్ర ఉంటాయి. అంతకుముందు, 1603–1868 నాటి ఎదో కాలపు చిత్రాల్లో అయితే ప్రభుత్వ తనిఖీ ముద్ర కూడా కనిపిస్తుంది. చెక్కిన వారి పేరు, అచ్చు వేసిన వారి పేరు చాలా చిత్రాల్లో ఉండవు. ఈ కళలో నన్ను అన్నిటికంటే బాధించే విషయం ఇది. మినహాయింపులు లేకపోలేదు. హాసుయి, త్సుచియా కోయిత్సు వంటి వారి చిత్రాలు కొన్నిటిని ప్రచురించిన దోయ్ సంస్థ చెక్కినవారి పేరు, అచ్చు వేసినవారి పేరు ఎడమ అంచున వేసేది. అలాంటి ప్రతి కనబడితే ఆ రెండు పేర్లను కూడా చదివించుకోండి. మీకు నచ్చిన ఆ నీటికి వారిలో ఒకరు నేరుగా బాధ్యులు.

ప్రశ్న: మా ఇంట్లో ఇలాంటి పాత చిత్రం ఒకటి ఉంది. అసలు ప్రతి అవునో కాదో ఎలా తెలుస్తుంది? గోడకు తగిలించవచ్చా?

జవాబు: ముందుగా భూతద్దంతో చూడండి. రంగంతా సన్నని చుక్కల వలలా కనిపిస్తే అది ఆఫ్‌సెట్ యంత్రం మీద అచ్చయిన బొమ్మ. అక్కడితో పరీక్ష ముగిసినట్టే. చుక్కలు లేకుండా రంగు నారలో ఇంకి ఉండి, వెనుక వైపు కూడా తేలి, గీతల వెంబడి కాగితం రవ్వంత అణిగి ఉంటే అది చేత్తో వేసిన అచ్చు. కానీ చేతి అచ్చు అయినంత మాత్రాన పాతది కానక్కర్లేదు. పాత దిమ్మలతో తరువాతి కాలంలో తీసిన ప్రతులూ, కొత్తగా చెక్కిన దిమ్మలతో తీసినవీ ఉన్నాయి. చిత్రకారుడి సంతకం కూడా దిమ్మలో చెక్కినదే కాబట్టి అది ప్రతి అచ్చులోనూ వస్తుంది. దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. హాసుయి విషయంలో వతనాబె సంస్థ కాలాన్ని బట్టి మార్చిన అంచు ముద్రలే నిపుణులకు ఆధారం. యోషిదా విషయంలో అయితే పైన చెప్పిన అంచు ముద్రతోపాటు, ఆయన బతికుండగా పెన్సిల్‌తో చేసిన సంతకం చూస్తారు. హిరోషిగే చిత్రాల్లో మరో ఆనవాలు ఉంది. తొలి ప్రతుల్లో శ్రద్ధగా వేసిన బొకాషిని గిరాకీ పెరిగాక తీసిన ప్రతుల్లో తగ్గించేశారు, కొన్నిటిలో మానేశారు. ఆకాశం పై అంచున వన్నె ఎంత మెత్తగా దిగిందో చూస్తే ఆ ప్రతి ఎంత ముందుదో కొంతవరకు ఊహించవచ్చు.

తగిలించడం గురించి: ఎండ పడే గోడ మీద వద్దు, దానికి ఎదురుగా ఉన్న గోడ మీద కూడా వద్దు. ప్రష్యన్ నీలం తట్టుకున్నా, మొక్కల నుంచి తీసిన ఎరుపు, పసుపు, పువ్వుల నీలం తట్టుకోవు, పోయిన రంగు తిరిగి రాదు. మ్యూజియాలు సైతం ఈ చిత్రాలను కొన్ని వారాలు చూపి మళ్లీ చీకటి పెట్టెల్లో విశ్రాంతినిస్తాయి. ఫ్రేము కట్టించేటప్పుడు అంచులు కత్తిరించనివ్వకండి. తేదీ, ముద్రలు ఉండేది అక్కడే. చిత్రాన్ని అట్టకు జిగురుతో పూర్తిగా అంటించనివ్వకండి, సెలోటేపు అసలే వద్దు. ఆమ్లం లేని అట్ట వాడి, పై అంచున రెండు చిన్న వాషి (జపాన్ సంప్రదాయ కాగితం) పట్టీలతో వేలాడదీయించి, అద్దానికీ చిత్రానికీ మధ్య కాస్త ఎడం ఉండేలా చూడమనండి. ఇప్పటికే పాత అట్టకు అంటుకుని ఉంటే మీరు పీకే ప్రయత్నం చేయవద్దు. ఆ రంగులు నీటితో కలిపి వేసినవి, తడి తగిలితే కదలవచ్చు. కాగితపు కళాకృతులను బాగుచేసే నిపుణులకు చూపించేదాకా దాన్ని చీకటిగా, పొడిగా ఉన్న చోట పరచి ఉంచండి.